ఉద్దానమున మా నెత్తురు తీసికొనిపోయిన శాస్త్రజ్ఞులకు



గడచిన మూడు దశాబ్దముల కాలమున శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానమునకు, మా మూత్రపిండముల రోగమునకు కారణము వెదకుటకై వచ్చి, మా నెత్తురును, మా మూత్రమును, మా బావుల నీటిని, మా పొలముల మట్టిని, మా వంటయిండ్లలోని బియ్యమును చిన్న సీసాలలోను సంచులలోను పదిలపఱచి తీసికొనిపోయిన వైద్యశాస్త్రజ్ఞులకును, ఇకమీదట రాబోవు వారికిని, కవిటి ప్రాంతపు విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడొకడు నమస్కరించి వ్రాయు బహిరంగ లేఖ యిది. మీలో ఎవ్వరి పేరును ఇచట వ్రాయబోను. ఏలయన నా మాట ఒక వ్యక్తిని గూర్చినది గాని ఒక సంస్థను గూర్చినది గాని కాక, మీ పరిశోధనకును మా బ్రతుకునకును నడుమ ఏర్పడిపోయిన ఒక అలవాటును గూర్చినది. ఆసుపత్రి కావలెనని గాని పింఛను హెచ్చింపవలెనని గాని యాచించుటకు నేనీ లేఖ వ్రాయుటలేదు. 2023 డిసెంబరులో పలాసయందు రెండువందల పడకల ఆసుపత్రియు, దానితో కూడ మూత్రపిండ పరిశోధన కేంద్రమును వెలసినవి. హిరమండలము జలాశయము నుండి గొట్టములలో నీరు వచ్చినది. డయాలసిస్ చేయించుకొనువారికి నెలనెలా పింఛను ముట్టుచున్నది. ఇవి చాలునా చాలవా యను చర్చ వేఱు, దానిని చేయువారు వేఱు. నేను కోరునది వీనికన్న చిన్నది. డబ్బుతో పని లేనిది. అయినను ఇంతవఱకు మాకు దక్కనిది.

నేనును ఆ మూత్రపిండముల రోగినే. వయస్సు అరువది దాటినది. నాకు మధుమేహము లేదు, రక్తపుపోటు లేదు, పొగ త్రాగి యెఱుగను. కాళ్ళు వాచలేదు, నడుము నొవ్వలేదు, మూత్రము మండలేదు. ఊరిబడిలో పెట్టిన వైద్యశిబిరమున, ఒకప్పుడు నా యొద్ద ఛందస్సు చదువుకొని గణములు తప్పు పెట్టుచుండిన శిష్యుడే నాకు సూది గ్రుచ్చి నెత్తురు తీసెను. మూత్రపిండములు నెత్తురునుండి వడకట్టి పంపవలసిన క్రియాటినిన్, 1.2 దాటకూడనిది, 2.4 ఉన్నదని తెలిసినది. పెద్దాసుపత్రిలో కడుపునకు స్కానింగు తీసి, మూత్రపిండములు రెండును కృశించినవని చెప్పి, చీటిపై రోగము పేరు వ్రాసి, దాని ప్రక్కన కారణము తెలియదని వ్రాసియిచ్చిరి. నాకు మాత్రమే గాదు, మా వీథిలో పెక్కుమందికి అట్లే వ్రాసియిచ్చిరి. ఒక మనుష్యుడు తన రోగమునకు కారణమెఱుగక బ్రతుకుట వేఱు; ఒక సీమకు సీమయే తన రోగమునకు కారణమెఱుగక, తరము వెంట తరము దానిని మోయుచు బ్రతుకుట వేఱు. మొదటిదానిని గూర్చి వైద్యగ్రంథములు వ్రాయును. రెండవదానిని గూర్చి, అందున్నవాడు గనుక, నేను కొంచెము వ్రాయగలను.

ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు అను ఏడు మండలములు మహేంద్రగిరికిని తూర్పు సముద్రమునకును నడుమ పఱచుకొనియున్నవి. కొబ్బరి, జీడిమామిడి, పనస యనునవి మూడును మా సంపద. రైలు కిటికీలోనుండి చూచువారు దీనిని రెండవ కోనసీమ యని మెచ్చుకొనుట నేనెన్నోమారులు వింటిని. మెచ్చుకోలు తప్పుగాదు, చెట్లు నిజముగనే చూడముచ్చటగానుండును. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఆ కొబ్బరితోటలను, జీడితోటలను నేలమట్టము చేసినప్పుడు ఉద్యోగులు వచ్చి, తోటతోటకును తిరిగి, పడిన కొబ్బరిచెట్లను లెక్క వ్రాసికొని, చెట్టునకింత యని పరిహారమిచ్చిరి. అది సరియైన పనియే. కాని, ఆ తోటలు పెంచిన మనుష్యులలో ఎందఱు ఏయే వయస్సున ఈ రోగముతో పోయిరో, ఇంటింటికిని వరుసగా, ఏడాది వెంట ఏడాదిగా, వ్రాసి నిలిపిన పుస్తకమొకటి మా పంచాయతీలో వెదకితిని, నాకు దొరకలేదు. మరణ ధ్రువపత్రములందు గుండె ఆగినదని యుండును. గుండె ఆగకుండ చచ్చినవాడెవ్వడు?

ఈ వ్యాధి నడవడి మీకు నేను చెప్పనక్కఱలేదు గాని, ఈ లేఖ తక్కిన పాఠకుల కంటను పడును గనుక కొంత చెప్పవలసియున్నది. ఒక్కొక్క మూత్రపిండమున ఇంచుమించు పది లక్షల సూక్ష్మమైన వడపోత యంత్రములు కలవు. వానిలో సగము చెడినను తక్కిన సగము ఆ భారము మోయును గనుక మనుష్యునికి ఏమియు తెలియదు. క్రియాటినిన్ పెరుగునప్పటికే సగము సేన కూలియుండును. మధుమేహము వలన చెడిన మూత్రపిండము మాంసకృత్తులను కార్చి ముందుగనే తన బాధను తెలుపును; మా రోగములో ఆ సూచనయు చాలమందికి స్వల్పమే. దెబ్బ తగులునది వడపోత గుత్తులకు గాక, వాని క్రిందనుండు సన్నని నాళములకును, ఆ నాళముల నడుమనుండు కణజాలమునకును. సూదితో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూచినచో అచట మచ్చలు కట్టిన కణజాలము కనబడును. అది ఏమి జరిగినదో చెప్పును గాని ఎవ్వరు చేసిరో చెప్పదు: కాలిపోయిన పాకలోని బూడిదను చూచి నిప్పంటినదని యనవచ్చును, అంటించినవాని పేరు ఆ బూడిదలో ఉండదు.

ఆ పేరు తెలియకపోవుట వలన ఏమగుచున్నదో మీ పత్రికలలో అచ్చయిన వ్యాసములలో నేను చూడలేదు. (నా మేనల్లుడు వైజాగు నుండి తెచ్చి యిచ్చిన కొన్నింటిని, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, ఓపికగా చదివితిని, నా ఆంగ్లము చాలనిచోట వాని సాయము పట్టితిని.) కారణము తెలియనిచోట ప్రతి వస్తువును నిందితురాలే. మొదట నీటిని అనుమానించితిమి. తాతలనాటి బావిపై పలక మూసి, క్యాను నీరు కొనుట మొదలిడితిమి; క్యాను నీరు త్రాగిన ఇంటను క్రియాటినిన్ పెరిగినప్పుడు ఆ నీటినిగూడ అనుమానించితిమి. పిమ్మట బియ్యము, పిమ్మట ఎండుచేప, పిమ్మట తోటలకు కొట్టు పురుగులమందు. జీడి బట్టీలలో పగలెల్ల వేడిలో నిలిచి, రాత్రి ఒడలు నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకొను బిళ్ళ. ఎండలో కొబ్బరిచెట్లెక్కి దిగు పని. చివరకు నెత్తురులోనే దోషమున్నదేమో, వంశములోనే ఉన్నదేమో. ఈ అనుమానములలో పెక్కు మీ వ్యాసములందును కలవని చదివి తెలిసికొంటిని: భూగర్భజలములోని సిలికా, సీసము, కాడ్మియము, ఫ్లోరైడు, క్రిమిసంహారకములు, ఎండదెబ్బ, నొప్పిమాత్రలు, జన్యువులు. మీకవి పరీక్షింపవలసిన ఊహలు. మాకవి ప్రతిదినము ఉదయమున లేచి చేయవలసిన నిర్ణయములు. బావినీటితో అన్నము వండవలెనా వలదా యను ప్రశ్నకు తగిన ఆధారములు సమకూడువఱకు నిరీక్షింతుమని ఏ యిల్లాలును పొయ్యి ఆర్పి కూర్చుండదు గదా!

మా పొరుగున ఒక తల్లి కలదు. భర్తయు, పెద్దకొడుకును ఈ రోగముతోనే పోయిరి. ఆమె తన చేతివంటనే అనుమానించుకొనెను. నేను పెట్టిన కూడే వీరిని తినెసినాది బావూ, అని ఆమె నాతో ననినప్పుడు, కాదమ్మా యని చెప్పుటకు నా యొద్ద దయ యుండెను గాని ఆధారము లేకుండెను. ఆమె యింటి నీటిని, బియ్యమును ఒక బృందమువారు పరీక్షకు కొనిపోయియుండిరి. ఆ పరీక్షలో ఏమియు దొరకనిచో, ఆ మాట ఒక్కటి ఆమెకు చేరినచో, ఆమె మనస్సుమీది బండ కొంత దిగియుండెడిది. దొరకినచో మిగిలిన బిడ్డకైనను ఆ నీరు మాన్పించియుండెడిది. రెండింటిలో ఏదియు రాలేదు.

ఇక తిండిమాట. రోగము ముదిరినవారికి పొటాషియమును, భాస్వరమును తగ్గింపవలయును గనుక, వైద్యులు మాన్పించు వస్తువుల పట్టికను మా ఊరివాడు చదువుకొన్నచో అది మా తోటల జాబితావలె నుండును: కొబ్బరినీళ్ళు వలదు, పనసతొనలు వలదు, జీడిపప్పు వలదు. కూరలను ఒకమారు ఉడికించి ఆ నీటిని పాఱబోసి మరల వండవలయును. వేసవియందు దాహమునకు కొలతపెట్టి నీరు త్రాగవలయును. వారమునకు రెండుమూడు మారులు, మారునకు నాలుగు గంటలు, చేతిని యంత్రమునకప్పగించి పడుకొనవలయును. ఆ చేతిలో ధమనిని సిరను కలిపి కుట్టిన ఫిస్టులా రాత్రిపూట తలక్రింద చేయి పెట్టుకొన్నచో గుఱ్ఱుమని చెవిలో మ్రోగుచుండునని, దానిని వినుటయే తనకు ధైర్యమని, అది ఆగిననాడు తన పని ముగియునని నా మిత్రుడొకడు చెప్పుచుండెను. చెట్టెక్కువాడు చెట్టెక్కలేడు, వలవేయువాడు వలవేయలేడు. ఇంటి ఆదాయము ఆగును, ప్రయాణపు ఖర్చు ఆగదు. ఇది అంతయు మీకు తెలిసినదే.

పెండ్లి సంబంధములమాట మాత్రము తెలిసియుండకపోవచ్చును. ఒకప్పుడు మా పిల్లను చూడవచ్చువారు గోత్రము, చదువు, పొలము అడుగుచుండిరి. ఇప్పుడు దూరపు ఊళ్ళవారు మా ఊరి పేరు వినినతోడనే జాతకము కుదరలేదని కబురంపుదురు. మా సీమలోనివారైనచో, కాఫీ చల్లారకముందే, అమ్మాయి తండ్రికి క్రియాటినిన్ ఎంతొచ్చినాది, అని అడుగుదురు. అంటురోగము కాదని ఎన్నిమారులు చెప్పినను, మఱి ఏమిటి యను ప్రశ్న వచ్చును. దానికి సమాధానము లేదు గనుక మొదటిమాటకును విలువ లేకపోవుచున్నది.

సమాధానము లేని ఈ చోటు ఖాళీగా ఉండిపోదు. మీరు మాటలాడనిచోట మఱియొకడు మాటలాడును. నలువది దినములలో క్రియాటినిన్ దింపెదనని చెప్పి, పేరులేని చూర్ణములను సీసాలలో పోసి అమ్మువాడు మా సంతలో మీకన్న ప్రసిద్ధుడు. వాడు ఏనాడును తనకు తెలియదని చెప్పడు. అదియే వాని బలము. వాని మందు మ్రింగి నెల తిరుగకముందే డయాలసిస్‌కు పోయినవారిని నేనెఱుగుదును. వానిని పట్టి శిక్షింపుడని పోలీసులకు వ్రాయవచ్చును గాని, వానిని పోషించునది మా అమాయకత్వము మాత్రమే గాదు. మీ మౌనమునకును అందొక పాలు కలదని నా యభిప్రాయము.

మీరేమియు చేయలేదని నేననను. 2019లో వెలువడిన యొక వ్యాసమున, మా పల్లెలలో రెండువేలకు పైగా పెద్దవారిని పరీక్షింపగా నూటికి పదునెనమండ్రకు మూత్రపిండములు దీర్ఘకాలముగా చెడియున్నవనియు, ఆ రోగులలో నూటికి డెబ్బదిమందికి పైగా కారణము నిర్ణయింపరాక యున్నదనియు వ్రాసిరి. ఆ లెక్క మాకు అవసరమైనదే. ఇట్టి రోగము మాకొక్కరికే లేదని గూడ మీ వ్రాతల వలననే తెలిసినది: సింహళమున అనురాధపురము, పొలొన్నరువల చుట్టుప్రక్కల వరిరైతులకు 1990ల నుండియు ఇదే వ్యథ, నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశములలో చెఱకు నఱకు కూలీలకు ఇదే వ్యథ. అచ్చటి కొన్ని తోటలలో, మూలము నిశ్చయముగా తేలకముందే, పనివారికి నీడయు నీరును విశ్రాంతియు గడియారము చూచి యిచ్చు పద్ధతిని పెట్టిరి. అట్టి ఏర్పాటు మా జీడి బట్టీలలోను ఇటుకల పనిలోను చేయుటకు ఏ సూక్ష్మదర్శినియు అక్కఱలేదు. కాని అది ప్రభుత్వమునకు వ్రాయవలసిన వేఱొక లేఖ.

మీకు నేను జ్ఞాపకము చేయదలచినది బాల్కన్ దేశముల వృత్తాంతము. డాన్యూబు నదియు దాని ఉపనదులును పాఱు సెర్బియా, బల్గేరియా, రుమేనియా, క్రొయేషియా, బాస్నియా పల్లెలలో మా రోగమును బోలిన రోగమొకటి యుండెను. అచటను మూత్రపిండములు చప్పుడు లేక ఎండిపోవుచుండెను. అచటను ఒక ఊరున ఉండి ప్రక్క ఊరున లేకుండెను. అచటను ఒకే యింట తండ్రియు కొడుకును వరుసగా పోవుచుండిరి. 1956, 57 సంవత్సరములలో వైద్యులు దానిని గూర్చి వ్రాసిరి. అటుపిమ్మట దానిని సీసమునకు అంటగట్టిరి, వైరసులకు అంటగట్టిరి, ధాన్యమునకు పట్టు బూజునకు అంటగట్టిరి, నేలలోని బొగ్గుపొరల మీదుగా వచ్చు నీటికి అంటగట్టిరి. 1969లో ఈవిచ్ అను వైద్యుడు గోధుమచేలలో మొలచు ఒక కలుపుమొక్కను చూపి, దాని గింజలు కోతలో గోధుమలతో కలిసి, పిండిలోపడి, రొట్టెలోనికి వచ్చుచున్నవని, రోగమునకదియే మూలమని సూచించెను. అది మన వైద్యులెఱిగిన ఈశ్వరి తీగకు జ్ఞాతియైన మొక్క. ఆయన మాట ప్రక్కకు పోయినది. 1993లో, ఆ పల్లెలకు ఎంతో దూరమున నున్న బ్రస్సెల్సు నగరములో, ఒడలు తగ్గుటకై మూలికల గుళికలు మ్రింగిన స్త్రీలకు మూత్రపిండములు చెడగా, ఆ గుళికలలో పొరపాటున అదే జాతిమొక్క కలిసినదని బయటపడినది. రెండు రోగముల మచ్చలును ఒక్క తీరుననే యుండెను. 2007 నాటికి గ్రోల్‌మన్ అను శాస్త్రజ్ఞుడు మొదలగువారు రోగుల కణజాలమునందే ఆ మొక్క విషము విడిచిన గుర్తును పట్టిచూపిరి. మొదటి వ్రాతకును ఈ నిరూపణకును నడుమ అర్ధశతాబ్దము గడచినది.

ఈ కథను వినిపించినప్పుడు మావాళ్ళు కొందఱు, ఐతే మన పొలములోను ఆ మొక్కయే కాబోలునని లేచిరి. కాదు, మీలో ఎవ్వరును అట్లు చెప్పలేదు, మేము తినునది గోధుమరొట్టెయు గాదు. నేను గ్రహించినది వేఱు. అర్ధశతాబ్దము పట్టినందులకు ఆ శాస్త్రజ్ఞులను నిందింపను. ప్రకృతి తన గుట్టును మన తొందరకు విప్పదు. కాని ఆ మొక్క ఆ రైతుల చేలలోనిది, వారి కన్నులయెదుట మొలచినది. దాని గింజ పిండిలోనికి పోవుచున్నదను సంగతి, తూర్పారపట్టి తిరుగటిలో పోసిన ప్రతివానికిని తెలియగలిగినదే. 1969 నాటి ఊహ ఆ పల్లెలలో నలుగురి నోట నలిగియుండినచో, గోధుమలను జల్లించుకొనుటకు ఎవ్వరి నిరూపణ కొఱకును కాచియుండవలసిన పని యుండెడిది కాదు. తేలిన నిజము మాత్రమే గాక, తేలని ఊహయు రోగికి పనికివచ్చును. దానిని ఊహగనే చెప్పవలయును, అంతే.

మాకు జరుగుచున్నది వేఱు. ఒక ఏడాది ఒక బృందమువారు వచ్చిరి. ఆంగ్లమున నుండిన అంగీకారపత్రమును నేనే ముసలివారికి తెలుగు చేసి చదివి వినిపించితిని. ఫలితములు తెలుపుదుమని అందొక వాక్యమును గలదు. వ్రేలిముద్రలు వేసిరి. నెత్తురు ఇచ్చిరి. తీసినవారికి మజ్జిగయు ఇచ్చిరి. తరువాత ఆ బృందమువారు రాలేదు. వేఱొకరు వచ్చి, మరల అదే చేతినుండి అంతే నెత్తురు తీసి, అవే ప్రశ్నలడిగిరి. మొదటివారికి ఏమి తేలినదో రెండవవారిని అడిగితిని. వారికిని తెలియదు. నేటికిని ఎవ్వరు వచ్చినను మావాళ్ళు చేయి చాతురు. అయితే ఇప్పుడు కుఱ్ఱవాండ్రు చొక్కా మడచుటకు ముందు, దీనివల్ల మాకేటి, అని అడుగుచున్నారు. ఆ ప్రశ్నలో అవిధేయత నాకు కనబడలేదు.

మీ వృత్తిధర్మమునకు ఇది క్రొత్తమాట కాదని తెలిసినప్పుడు నాకాశ్చర్యమైనది. మనుష్యులపై జరుపు పరిశోధనలకు మార్గదర్శకముగా ప్రపంచ వైద్యసంఘము 1964లో హెల్సింకీలో చేసిన ప్రకటనను 2013లో సవరించినప్పుడు, పరిశోధనకు లోబడినవారు దాని సామాన్య ఫలితములను తెలిసికొనగోరినచో తెలిసికొను అవకాశము వారికీయవలయుననియు, వ్యతిరేకముగా తేలిన ఫలితములను, ఎటును తేలని ఫలితములను గూడ బహిరంగపఱుపవలయుననియు అందు స్పష్టముగా వ్రాసికొనిరి. ఏమియు దొరకలేదను సంగతి దాచదగినది కాదని మీవారే యొప్పుకొనిరి. మఱి మా నీటిలో ఫలానా లోహము మితిమీరి లేదని తేలినచో, ఆ వార్త ఏ దూరదేశపు పత్రికలోనో ఒక పట్టికలోని ఒక గడిలో నిదురించుట యెందులకు? మా పంచాయతీ గోడమీద నాలుగు తెలుగు వాక్యములుగా నెందులకు నిలువరాదు?

మీ సంకోచము నేనూహింపగలను. పూర్తిగా తేలని సంగతి చెప్పినచో జనులు బెదరుదురని, పత్రికలవారు దానిని పెంచి వ్రాయుదురని, రాజకీయములు చేరునని మీలో కొందఱందురు. బెదరుటకు మాకింక ఏమి మిగిలినది? నేను ముప్పది ఏండ్లకు పైబడి పిల్లలకు పాఠము చెప్పితిని. తనకు తెలియదని తరగతిలో ఒప్పుకొన్న ఉపాధ్యాయునిమీద పిల్లలకు గౌరవము తగ్గుట నేనెన్నడును చూడలేదు. తెలిసినట్లు నటించినవానిని మాత్రము వారు మధ్యాహ్నపు గంట కొట్టకముందే కనిపెట్టుదురు. మా వైద్యునిలో నేను మెచ్చుకొను గుణము గూడ అదియే. కారణము తనకు తెలియదని ఆయన నా కన్నులలోనికి చూచి చెప్పెను. పిమ్మట, తెలియకున్నను చేయవలసినవి ఇవి యని చెప్పెను: నొప్పిబిళ్ళ ముట్టకుండుట, ఎండలో తిరిగినప్పుడు నీరు మఱవకుండుట, మూడు నెలలకొకమారు నెత్తురు చూపించుకొనుట, నాటుమందు జోలికి పోకుండుట. ఆ దినము నేను ఆసుపత్రి మెట్లు దిగునప్పుడు ఎక్కినప్పటికన్న నెమ్మదిగనే యుంటిని. క్రియాటినిన్ మాత్రము తగ్గలేదు.

కావున నా కోరిక యిది. మీరు తీసికొనిపోయినదానికి లెక్క చెప్పుడు. దొరకినది, దొరకనిది, సగము దొరకినది, పరీక్ష చేయనే లేనిది, సీసా పగిలిపోయినది, ధనము చాలక ఆగిపోయినది, ఏదైనను సరే. తెలుగులో చెప్పుడు, చెప్పువాడు తెలుగు తెలియని విద్వాంసుడైనచో తెలుగు చేసి పెట్టుటకు మా ఊళ్ళలో నావంటి పనిలేని పంతుళ్ళు చాలమంది యున్నారు. ఎవరి సంఖ్య వారికి గుట్టుగా చెప్పుడు, ఊరి సంఖ్య ఊరికి చెప్పుడు. ఒకరి క్రియాటినిన్ పదుగురిలో చదివినచో సంబంధము చెడునని మీకు ముందే విన్నవించితిని. ఒక బృందమువారు తీసిన నెత్తురు వివరములు తరువాతి బృందమునకు అందునట్లు చూచుకొనుడు. చచ్చినవారి లెక్కకు ఒక పుస్తకము పెట్టుడు. మా బడిపిల్లలే దానిని ఇంటింటికిని తిరిగి నింపగలరు, వారికి చావులు తిథులతో సహా జ్ఞాపకమున్నవి.

ఒక సంగతి, వైద్యశాస్త్రము చదువనివాడను గనుక, భయముతోనే ముందుంచుచున్నాను. బాల్కన్ పల్లెలలో, బయటినుండి వచ్చి అచట పదునైదు ఇరువది ఏండ్లు కాపురముండినవారికిని ఆ రోగము వచ్చుటచేత అది కేవలము వంశదోషము కాదని మీవారు తెలిసికొనిరని చదివితిని. మాకు ఆ ప్రశ్న తిరగవేసి అడుగవచ్చును. మా సీమ వలసల సీమ: ప్రతి యింటినుండియు ఒకడు చెన్నపట్టణమునకో, హైదరాబాదునకో, బొంబాయికో, ఖరగ్‌పూరునకో తాపీపనికి, వంటపనికి, కాపలాపనికి పోయియుండును. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇరువురిలో ఒకడు పదునారవ యేట ఊరు విడిచినవాడు, ఒకడు తోట నమ్ముకొని నిలిచినవాడు. పోయినవాని మూత్రపిండములెట్లున్నవి? ఉన్నవానివెట్లున్నవి? ఊరి నీటికి దూరమైనవాడు అచట ఎండలో ఇటుకలు మోయుచున్నాడు. ఎండకు దూరమై హోటలులో పప్పు కలుపుచున్నవాడు మూడు నెలలకొకమారు వచ్చి ఈ నీరే త్రాగుచున్నాడు. నీరు, ఎండ, నెత్తురు అను మూడింటిని వేఱుచేసి చూచుటకు ఇంతకన్న అనువైన మనుష్యులు మీకెచట దొరకుదురో నేనెఱుగను. మీ ప్రశ్నపత్రములలో ఇంటనున్నవారి వివరములే యుండుట చూచితిని. పోయినవారిని గూర్చి అడిగినవారు నాకు తారసపడలేదు. మీరు వచ్చునది తఱచుగా మీ సెలవులనుబట్టి, మీ నిధుల గడువునుబట్టి. ఆ వేళలందు వారు ఊళ్ళోనుండరు.

సంక్రాంతికి రండు. భోగినాటికి అన్నదమ్ములందఱును ఇల్లు చేరుదురు. కనుమ దాటి రెండుమూడు దినములు నిలుతురు. తిరుగు రైలుకు పోవువఱకు వారికి పనియుండదు. ఊరిబడికి సెలవులు గనుక గదులన్నియు ఖాళీ. బల్లలు, కుర్చీలు, నీడ సిద్ధము. తాళము నా యొద్దనే యుండును. పాతబృందమువారి ఫలితములు మీకు దొరకినచో వానిని గూడ తెండు. మొదటి పూట అవి చదువుదము, తరువాత క్రొత్త నెత్తురు తీసికొనవచ్చును.

ఇట్లు,
ఉద్దాన ప్రాంతపు విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు